రెండోసారి ఆడితేనే తెలిసే నిజం: ‘నియర్’ గేమ్ వెనక కథ

ఒకసారి క్లియర్ చేసిన గేమ్ మళ్లీ ఎందుకు ఆడాలి? ఈ ప్రశ్నకి 2010లో జపాన్ నుంచి వచ్చిన ‘నియర్’ గట్టి జవాబే ఇచ్చింది. స్పాయిలర్స్ ఉంటాయి, ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కథ సింపుల్. జబ్బుపడ్డ యోనా అనే పాపని కాపాడాలి. అడ్డొచ్చిన ‘షేడ్స్’ని, అంటే నల్లటి నీడల్లాంటి జీవుల్ని, చంపుకుంటూ పోవాలి. వాటి అరుపులు మనకి అర్థం కావు. తీరా చివరికొచ్చాక, అవి ఒకప్పటి మనుషుల ఆత్మలని తెలుస్తుంది.

ఇప్పుడు రెండోసారి మొదలుపెట్టండి. కథ సగం నుంచి నడుస్తుంది. అవే ఊళ్లు, అవే ఫైట్లు. కానీ ఈసారి షేడ్స్ మాటలకి సబ్‌టైటిల్స్ పడతాయి! మన టీమ్‌లో ఉన్న కైనే ఒంట్లో ఒక షేడ్ ఉంది కాబట్టి ఆమెకి వాటి భాష తెలుసు. ఆమె బాల్యం, పెంచిన అవ్వని పోగొట్టుకోవడం కూడా ఇక్కడే బయటపడతాయి.

మొదటిసారి మనం ఒక పెద్ద రోబోని బాస్ ఫైట్‌లో ఓడించి పండగ చేసుకుంటాం. రెండోసారి తెలుస్తుంది: అది కలీల్ అనే తల్లిలేని షేడ్ పిల్లాడి స్నేహితుడు. ఇద్దరికీ బయటి ప్రపంచం చూడాలని ఆశ. అంతే!

ఈ ఆలోచన ఎక్కడిది? 2001 సెప్టెంబర్ 11 దాడులు, తర్వాత జరిగిన యుద్ధం చూశాక పుట్టిందని డైరెక్టర్ యోకో తారో చెప్పాడు. చంపడానికి పిచ్చి అక్కర్లేదు, నాదే న్యాయం అనుకుంటే చాలు అనేది ఆయనకి అర్థమైన విషయం.

గేమ్ తీసిన కావియా స్టూడియో అదే ఏడాది మూతపడింది. గేమ్ మాత్రం 2021లో కొత్త రూపంలో తిరిగొచ్చింది.

గమనించారా? రెండోసారి మనం చేసే పని ఏమీ మారలేదు. అవతలివాళ్ల మాట అర్థమైంది, అంతే. కత్తి ఎత్తడమే కష్టమైపోయింది. మీకు ఇలా అనిపించిన గేమ్ ఏదో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!