రైతుకు ఢిల్లీ వార్త ఎవరు చెప్పారు?

1960లలో అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు బండి కట్టుకొని వచ్చే రైతు మొదట అడిగేది ఆనాటి ధర. ఆ ధర దళారీ నోట విన్నాడా, తోటి రైతు నోట విన్నాడా అన్నదానిపై అతని ఏడాది కష్టం ఆధారపడి వుండేది. శాసనాల సంగతీ అంతే. పార్లమెంటులో ఏ బిల్లు వచ్చిందో, అది తన పొలాన్ని ఏం చేస్తుందో పల్లెకు ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. 1959 తర్వాత కోస్తా జిల్లాలలో ఆ పనికి పట్టుదలగా పూనుకున్న మితవాద నాయకుడు ఆచార్య ఎన్. జి. రంగా.

రంగాగారిని జమీందారుల మనిషి అని కొట్టిపారవేయడం సులభం. కాని అది చరిత్ర కాదు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు ప్రధాన కార్యదర్శి ఆయనే. నిడుబ్రోలు రైతాంగ విద్యాలయంలో పల్లె యువకులకు రాజకీయాలు నేర్పారు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు సాగిన రైతు రక్షణ యాత్ర ఆనాటి జమీందారీ వ్యతిరేక ఉద్యమం పండించిన పంటే. ఆ రంగాగారే 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు చేసిన ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానాన్ని ఎదిరించి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. పల్లెకు పోయి రైతు భాషలో మాట్లాడే పద్ధతి మారలేదు. ఆ మాటలు ఏ వర్గానికి ఉపకరించాయన్నదే మారింది.

దీనికి మంచి ఉదాహరణ రాజ్యాంగపు 17వ సవరణ. కేరళ భూసంస్కరణ చట్టం రైత్వారీ భూములకు చెల్లదని 1961లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ అడ్డు తొలగించడానికి 1964లో ఈ సవరణ వచ్చింది. 44 చట్టాలు తొమ్మిదవ షెడ్యూలులో చేరాయి. రైత్వారీ రైతు ఆస్తి హక్కు పోతున్నదని స్వతంత్ర పార్టీ గట్టిగా పోరాడింది. ఆ హెచ్చరికలో కొంత నిజం లేకపోలేదు. ప్రభుత్వానికి అధికారం పెరిగిన మాట వాస్తవమే. కాని అదే సవరణలో మరొక వాక్యమున్నది: పరిమితికి లోబడి స్వయంగా సాగు చేసుకొనే భూమిని మార్కెట్టు విలువకు తక్కువ కాని పరిహారం ఇవ్వకుండా తీసుకోరాదు. దీనిని కూడా చెప్పినప్పుడే వార్త పూర్తి అవుతుంది.

విశాఖ జిల్లా రైతుకు ఇంకొక సంగతి కూడా చెప్పవలసి వుండినది. ఈ ప్రాంతంలో అధిక భాగం ఒకప్పుడు జమీందారీ నేల. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దానిని రైత్వారీగా మార్చింది. ఆ చట్టాన్ని కోర్టుల నుంచి కాపాడినది 1951 నాటి మొదటి సవరణ, అదే తొమ్మిదవ షెడ్యూలు. నిన్న తన పట్టాకు గొడుగు పట్టిన ఏర్పాటునే నేడు తన శత్రువుగా చూడమని రైతుకు చెప్పడం జరిగింది!

ఇది ఎలా సాధ్యమైంది? 'రైతు' అన్న ఒక్క మాటలో వందల ఎకరాల ఆసామీ, చెరకు తోట కౌలుకు చేసేవాడు, రెండెకరాలవాడు అందరూ ఇమిడిపోయారు. గానుగ దగ్గర పొయ్యి ఎగదోసే కూలీకి ఆ మాటలో చోటే దొరకలేదు. 1961 ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం భూమి తరగతిని బట్టి 27 నుంచి 324 ఎకరాల వరకు వుంచుకోనిచ్చింది. రెండెకరాలవాడికి ఆ చట్టం వల్ల పోయేది ఏమున్నది? అయినా భయం అతనిది, లాభం ఆసామీది.

1962లో రంగాగారు తెనాలిలో ఓడిపోయారు. చిత్తూరు ఉప ఎన్నికలో నెగ్గారు. 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ సంవత్సరం స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. దీనిని డబ్బు మహిమ, కుల మహిమ అని తేల్చివేస్తే మన తప్పు మనకు కనబడదు. ఆయన బిల్లును పల్లెకు తీసుకొనిపోయారు. మనం ఎక్కువగా తీర్మానాన్ని తీసుకొనిపోయాము. బిల్లు పొలం గురించి మాట్లాడుతుంది. తీర్మానం తరచు తన గురించే మాట్లాడుకుంటుంది.

స్వతంత్ర పార్టీ 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగింది. రంగాగారు 1995లో కన్నుమూశారు. కాని ప్రశ్న మిగిలే వున్నది. ఆస్తిపరుడి పక్షాన నిలిచే సభ్యుడు ఈనాటికీ నియోజకవర్గానికి వచ్చి 'మన రైతులు' అనే మొదలుపెడతాడు. ఆ 'మన'లో కౌలుదారు వున్నాడా, కూలీ వున్నాడా అని సభలో లేచి అడగగల మనిషిని తయారు చేయడమే ఉపాధ్యాయుల పని, విద్యార్థుల పని. చట్టం మొత్తం చదివినవాడే ఆ ప్రశ్న వేయగలడు.