నల్లరాతి కడుపులో పూలు: దక్కన్ ఖనిజాలు, వాటిని సేకరించేవాళ్లు

పోయిన నెల ఏడో తరగతి పిల్లవాడొకడు పాత వార్తాపత్రికలో చుట్టిన రాయి ఒకటి నా గదికి తెచ్చాడు. "సార్, మా తాత దీన్ని పూలరాయి అంటాడు. దీనికి అసలు పేరు ఉంటదా?" అని అడిగాడు. కాగితం విప్పి చూస్తే నల్లరాతి ముక్క మీద పీచుపండు రంగు స్ఫటికాలు గుత్తులుగా, వాటి మధ్యలో లేత ఆకుపచ్చ దిమ్మెలాంటివి నాలుగైదు. గులాబి ఛాయది స్టిల్‌బైట్, ఆకుపచ్చది అపోఫిల్లైట్. ఇలాంటి ముక్కల కోసం విదేశాల నుంచి కూడా సేకర్తలు మహారాష్ట్ర వైపు చూస్తారని చెబితే ఆ పిల్లవాడు నమ్మలేదు. మా ఇంట్లో అది పదేళ్లుగా తలుపుకి అడ్డం పెట్టే రాయి సార్, అన్నాడు.

ఆ రోజు నుంచి పిల్లలు రోజుకో రాయి తెస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా చదవాలని మనవి, ఎందుకంటే రాళ్ల గురించి మన ఇళ్లలో నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఉన్నారు. ఆ సంగతి కిందికి వస్తుంది.

మన షోలాపూర్ కింద ఉన్నదంతా నల్లరాయే. శాస్త్రవేత్తలు దాన్ని బసాల్ట్ అంటారు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి పగుళ్లలోంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల ఆ రాతితోనే కప్పబడి ఉంది. పడమటి కనుమల దగ్గర ఈ పొరల మందం రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. దూరం నుంచి చూస్తే కొండలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి కదా, అందుకే వీటికి దక్కన్ ట్రాప్స్ అని పేరు. స్వీడిష్ భాషలో ట్రాప్ అంటే మెట్టు. మన జొన్న పండే నల్లరేగడి ఈ రాయి అరిగి అయినదే. తెలుగు నేలకూ దీనితో చుట్టరికం ఉంది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు ఈ పొరలే కనిపిస్తాయి. రాజమండ్రి పక్కన కాతేరులో కూడా ఇదే వయసు బసాల్ట్ ఉంది. ఇక్కడి లావా పాత నదీలోయల వెంట అంత దూరం పారిందని చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మరి నల్లరాతిలోకి ఈ రంగులు ఎట్లా వచ్చాయి? లావా చల్లారేటప్పుడు అందులోని వాయువులు బుడగలై, బయటికి పోలేక లోపలే ఖాళీలుగా మిగిలాయి. దోసె మీద కన్నాలు పడినట్టు అనుకోండి. తర్వాత చాలా కాలానికి వేడినీళ్లు ఆ రాళ్లలో ఊరుతూ, రాతిలోని సిలికా, కాల్షియం, అల్యూమినియం వంటివి కరిగించుకుని, ఆ ఖాళీల గోడలకు కొద్దికొద్దిగా పేర్చాయి. చాలా గూళ్లు వేరుశనగ గింజంత. కొన్ని మాత్రం మనిషి దూరేటంత. సేకర్తలు వెతికేది ఆ పెద్దవాటినే.

ఈ గూళ్లలో ఎక్కువగా దొరికే జాతి జియోలైట్లు. ఈ పేరు పెట్టింది స్వీడన్‌కి చెందిన క్రాన్‌స్టెట్, 1756లో. మంట మీద పెడితే రాయి నీళ్లు కక్కుతూ ఉడికినట్టు కనిపించిందట, అందుకని గ్రీకులో "మరిగే రాయి" అన్నాడు. వీటి నిర్మాణంలో సన్నని కంతలు, ఆ కంతల్లో నీళ్లు ఉంటాయి. వేడి చేస్తే నీళ్లు పోతాయి, మళ్లీ పీల్చుకుంటాయి కూడా. ఈ గుణం కోసమే ఫ్యాక్టరీల్లో కృత్రిమ జియోలైట్లు తయారుచేసి బట్టల సబ్బుపొడిలో, నీళ్ల గడుసుదనం పోగొట్టడానికి వాడుతున్నారు.

స్టిల్‌బైట్‌ని గుర్తుపట్టడం మన పిల్లలకు సులువు. నడుము బిగించి కట్టిన జొన్న చొప్ప మోపులాగా మధ్యలో సన్నగా, రెండు కొసల్లో విచ్చుకుని ఉంటుంది. హ్యూలండైట్ పలకలు శవపేటిక ఆకారంలో ఉంటాయి. ఆ పేరు హ్యూలండ్ అనే ఖనిజ సేకర్తది, అంటే రాళ్లు కూడబెట్టినవాడి పేరే ఒక రాయికి నిలిచింది. స్కోలెసైట్ తెల్లని సూదుల కట్ట. అపోఫిల్లైట్ వీటితో కలిసే పుడుతుంది కానీ జియోలైట్ కాదు, దానిలో అల్యూమినియం లేదు. తెల్ల అపోఫిల్లైట్‌ని చూసి పలుగురాయి అని పొరబడేవాళ్లు చాలామంది. పలుగురాయి స్ఫటికానికి ఆరు పక్కలు, పక్కల మీద గీతలు అడ్డంగా ఉంటాయి. అపోఫిల్లైట్‌కి నాలుగు పక్కలు, గీతలు నిలువుగా, నెత్తిన ముత్యపు మెరుపు. చాకుమొన అపోఫిల్లైట్‌ని గీస్తుంది, పలుగురాతిని గీయలేదు. దయచేసి విరిగిన ముక్క మీద మాత్రమే గీయండి, మంచి స్ఫటికం మీద కాదు!

ఒకెనైట్ గురించి రెండు మాటలు. దీన్ని మొదట గ్రీన్‌లాండ్ దగ్గరి డిస్కో దీవిలో గుర్తించారు. మహారాష్ట్ర క్వారీల్లో తెల్లని దూదిపింజల్లా దొరుకుతుంది. చూసినవాళ్లంతా వేలితో నిమరాలనుకుంటారు. నిమిరితే ఆ వెంట్రుకల్లాంటి స్ఫటికాలు వంగి, ముద్ద కట్టి, మళ్లీ లేవవు. ఒక్క వేలితో రాయి పాడవుతుంది.

ఇక పుణె పక్కన వాఘోలీ క్వారీల నీలిరాయి కావన్‌సైట్. కాల్షియం, వనేడియం, సిలికేట్ అనే మూడు మాటల మొదళ్లు కలిపి ఆ పేరు కుట్టారు. 1967లో అమెరికాలోని ఆరెగాన్‌లో మొదట దొరికింది, అక్కడివి చిన్న నలుసులు. 1980ల చివర్లో వాఘోలీలో తెల్లని స్టిల్‌బైట్ మీద నీలి గోళీల్లా బయటపడేసరికి సేకర్తల లోకం పుణె దారి పట్టింది. కంకర కోసం బండలు పగలగొట్టే చోట దొరికింది కాబట్టి ఎంత నీలిరాయి కంకరతో కలిసి రోడ్ల కింద పరిచేశారో ఎవరూ లెక్క చెప్పలేరు.

సేకర్తలు తమకిష్టమైన రాయిని చూపించుకునే పద్ధతి ఒకటుంది. అమెరికాలోని టూసాన్ ఊళ్లో 1955 నుంచి ఏటా ఖనిజాల ప్రదర్శన జరుగుతోంది, మహారాష్ట్ర జియోలైట్లు అక్కడ కూడా బల్లల మీద ఉంటాయి. అంత దూరం ఎందుకు, నాసిక్ దగ్గర సిన్నర్‌లో గార్గోటి మ్యూజియం ఉంది. నౌకాదళంలో పనిచేసి వచ్చిన కె.సి. పాండే 2001లో దాన్ని ప్రారంభించారు. ఎక్కువ భాగం మన దక్కన్ రాళ్లే. మరాఠీలో గారగోటి అంటే చెకుముకి రాయి. జర్మన్ కవి గేటే కూడా సుమారు 18 వేల రాళ్లు కూడబెట్టాడు. ఇనుప ఖనిజం గేథైట్ ఆయన పేరు మీదిదే. కవులకు రాళ్లెందుకు అని అడిగే పిల్లలకు ఇది చెబుతుంటాను.

అనుభవం ఉన్న సేకర్త చేతికి రాయి ఇస్తే ముందు ఎంత ఖరీదు అని అడగడు. "ఏ ఊరిది?" అంటాడు. ఊరు తెలియని నమూనా సగం పోయినట్టే. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. నేను బి.ఇడి. అయ్యి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, రిటైరవుతున్న మాస్టారొకాయన 23 రాళ్లున్న రేకుడబ్బా నా చేతికిచ్చారు. ఒక్కోదానికి అతికించిన చిన్న కాగితం మీద ఊరు, తేదీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. రాళ్లు మురికిగా ఉన్నాయని ఆదివారం పూట వాటన్నిటినీ ఒకే బకెట్టులో సబ్బునీళ్లలో నానబెట్టాను. సాయంత్రానికి కాగితాలన్నీ ఊడి గుజ్జయిపోయాయి. అడుగుదామని వెళ్లేసరికి ఆయన ఊరు మారారు, తర్వాత కాలం చేశారు. ఆ రాళ్లు ఇప్పటికీ ల్యాబ్ బీరువాలో ఉన్నాయి. వాటి పేర్లు చెప్పగలను గానీ, 19 రాళ్లకు ఊరు చెప్పలేను.

అందుకని పద్ధతి ఇది. రాయి అడుగున, స్ఫటికాలు లేని చోట, గోటి వెడల్పున తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక దాని మీద నల్లసిరాతో నంబరు వేయాలి. నోటుపుస్తకంలో అదే నంబరు కింద ఊరు, తాలూకా, జిల్లా, క్వారీయా బావా, ఎంత లోతులో, ఎవరు తీశారు, ఎప్పుడు, మీకు ఎవరిచ్చారు అన్నీ రాయాలి. ఖనిజం పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, ఎవరైనా తర్వాత చెబుతారు. ఊరు మాత్రం తర్వాత ఎవరూ చెప్పలేరు. పాత చీటీ ఉంటే, తప్పుగా ఉన్నా సరే, పారేయకుండా పక్కన దాచండి.

"ఎవరు తీశారు" అన్న గడి దగ్గర కొంచెం ఆగాలి. మహారాష్ట్రలో బావులు తవ్వడం, బండ కొట్టడం తరతరాలుగా చేస్తున్నవాళ్లలో మన తెలుగు మాట్లాడే వడ్డెరలు చాలామంది. మన బడిలో మగ్గాల ఇళ్ల పిల్లలతో పాటు వాళ్ల పిల్లలూ చదువుతున్నారు. గూడు బయటపడినప్పుడు మొదట చూసేది సుత్తి పట్టినవాడే. అక్కడ సుత్తి ఆపి చేత్తో తీస్తేనే ఆ స్ఫటికం బతుకుతుంది. మ్యూజియం చీటీ మీద మాత్రం ఖనిజం పేరు, జిల్లా పేరు, ఒక్కోసారి దాత పేరు ఉంటాయి. తీసినవాడి పేరు నాకు ఎక్కడా కనిపించలేదు. మన పుస్తకంలో ఆ గడి పెట్టింది అందుకే.

శుభ్రం చేసే విషయం. నీళ్లు అన్ని రాళ్లకూ పడవు. ఉప్పురాయి కరిగిపోతుంది, ఒకెనైట్ ముద్దవుతుంది, కావన్‌సైట్ రాలుతుంది. జియోలైట్లను ఆమ్లాల్లో వేయొద్దు, వేడి చేయొద్దు. ఊదారంగు అమెథిస్ట్ ఎండలో పెడితే వెలిసిపోతుంది. దుమ్ముకు మెత్తని బ్రష్షు చాలు. తెల్లరాయి కాల్సైట్ అవునో కాదో తెలియాలంటే దాని పొడి మీద నిమ్మరసం చుక్క వేసి బుడగలు చూడండి. ఏ రాయినీ నాలుకతో చూడకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. మిరపపండు గులాబీ, నెమలి నీలం రంగుల్లో అమ్మే అగేట్ పలకలు చాలావరకు అద్దకం వేసినవే. ఒకెనైట్‌కి కూడా రంగు పూసి అమ్ముతున్నారు. విరిగిన స్ఫటికాన్ని జిగురుతో అతికించడం ఉంది. దొంగనోట్లు చూసే నీలిదీపం కింద పెడితే చాలా జిగుళ్లు మెరుస్తాయి. జబ్బులు తగ్గుతాయని రాయి అమ్మేవాడి దగ్గర మాత్రం కొనకండి. ఆ డబ్బుతో డాక్టరు ఫీజు కట్టండి.

పిల్లలకు గట్టిగా చెబుతున్నాను, తల్లిదండ్రులు కూడా వినాలి. రాళ్ల కోసం ఎవరూ క్వారీలోకి గానీ, తవ్వుతున్న బావిలోకి గానీ దిగకూడదు. పేలకుండా మిగిలిన మందు ఉంటుంది, అంచులు విరుగుతాయి. రోడ్డు పక్క కంకర కుప్పల్లోనే, పెద్దవాళ్లు వెంట ఉండగా, యజమానిని అడిగి వెతకండి. గింజంత గూడున్న కంకర రాయి దొరికినా అది నమూనాయే. అజంతా, లోణార్ వంటి చోట్ల ఒక్క రాయి కూడా తీయొద్దు, అవి రక్షిత ప్రాంతాలు.

పూలరాయి పిల్లవాడి తాతగారు కిందటి శనివారం బడికి వచ్చారు. ఏ ఊరని అడిగితే కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, జళగావ్ జిల్లాలో ఒక పల్లె పేరు చెప్పారు. ఏడెనిమిది మట్ల లోతులో తగిలిందట. తనతో దిగిన తమ్ముడి పేరు కూడా రాయమన్నారు, రాశాను. రిజిస్టరులో అది ఒకటో నంబరు.

దీపావళి సెలవులు అయ్యాక మొదటి శనివారం సైన్సు గదిలో రాళ్ల బల్ల పెడుతున్నాం. ఒక్కొక్కరు ఒక్క రాయే తేవాలి, దాని సంగతి మూడు నిమిషాల్లో చెప్పాలి. పేరు తెలియకపోయినా పర్వాలేదు, ఊరు తెలిస్తే చాలు. ఒకెనైట్ ఉన్నవాళ్లు దాని మీద గాజు గ్లాసు బోర్లించి తీసుకురండి.