పసివాళ్ల పక్కన కూర్చోవడానికీ శిక్షణే

నయంకాని జబ్బుతో ఉన్న పిల్లల కోసం ప్రపంచంలో తొలి హాస్పిస్ 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో తెరుచుకుంది. దాని పేరు హెలెన్ హౌస్. స్థాపించిన సిస్టర్ ఫ్రాన్సిస్ డొమినికా పిల్లల నర్సుగా శిక్షణ పొందిన క్రైస్తవ సన్యాసిని. మెదడులో కణితితో మంచాన పడ్డ ఒక పాపను ఆమె అప్పుడప్పుడు తన మఠానికి తెచ్చుకుని చూసుకునేవారు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు కాస్త తెరిపిన పడేవారు. ఆ స్నేహంలోంచే హాస్పిస్ పుట్టింది.

పెద్దల కోసం సిసిలీ సాండర్స్ 1967లోనే లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. అయితే పెద్దల దగ్గర పనికొచ్చే ఓదార్పు పిల్లల దగ్గర పనికిరాదు. అమెరికాలో లుకేమియా పిల్లల మధ్య గడిపిన మానవశాస్త్రవేత్త మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లో వెలువరించిన పుస్తకం ఈ సంగతిని బయటపెట్టింది. ఎవరూ చెప్పకపోయినా తమకేం జరగబోతోందో పిల్లలకు తెలుసు. అమ్మానాన్నలు తట్టుకోలేరని తెలియనట్టు ఉంటారు, అంతే. అలాంటి పిల్లాడితో ‘నీకేం కాదు నాన్నా’ అంటే, అతను మనతో మాట్లాడటమే మానేస్తాడు. అందుకే పిల్లల దగ్గరికెళ్లే వాలంటీరు ముందు వినడం నేర్చుకోవాలి. ఆటలోనో బొమ్మలోనో దాగిన ప్రశ్నను పట్టుకోవాలి. ఇంట్లో ఎవరికీ పట్టకుండా పోయిన అన్ననో చెల్లినో కూడా పలకరించాలి.

మన దేశంలో తొలి హాస్పిస్ శాంతి అవేదన సదన్ 1986లో ముంబైలో వచ్చింది. వాలంటీర్ల కథకు మలుపు మాత్రం కేరళ. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవల) సొసైటీ, ఆ తర్వాత ఇరుగుపొరుగునే సేవకులుగా మలిచే ఉద్యమమైంది. 16 గంటల తరగతులు, ఆపైన నర్సులతో కలిసి నాలుగు రోజులు రోగుల దగ్గర పని. ఇంతే శిక్షణ. 2008లో కేరళ ప్రభుత్వం ఏకంగా పాలియేటివ్ కేర్ విధానాన్నే ప్రకటించింది.

తెలుగునాట ఈ దీపం హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో వెలిగింది. డాక్టర్ గాయత్రి పాలాట్ నాయకత్వంలో అక్కడ పిల్లలకు ప్రత్యేకంగా పాలియేటివ్ సేవలు నిలదొక్కుకున్నాయి. ఒక చిక్కు మాత్రం శిక్షణతో తీరేది కాదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లాడికి కథలు చెప్పి లాభం లేదు, ముందు మార్ఫిన్ అందాలి. మార్ఫిన్‌కు కావాల్సిన అనుమతుల చిక్కుముడిని సడలిస్తూ మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది 2014లో.

ఇక విశాఖ. టాటా మెమోరియల్ సెంటర్ అగనంపూడిలో నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక, వైద్యం కోసం ముంబై దాకా పరుగెత్తే అవసరం ఉత్తరాంధ్రకు తగ్గింది. నగరంలోని మల్కాపురం నుంచి గాజువాక, కూర్మన్నపాలెం దాటితే అక్కడికి చేరొచ్చు. కానీ చికిత్స ఆపేసి ఇంటికి తెచ్చుకున్న బిడ్డకు తోడు తన వీధిలోనే దొరకాలి. మల్కాపురంలాంటి చోట రిఫైనరీ, పోర్టు పనుల మీద బతికే ఇళ్లలో నాన్న షిఫ్టుకెళ్తే అమ్మ ఒక్కతే.

కేరళ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది, రెండు జాగ్రత్తలతో. గోడకు గోడ తగిలే బస్తీలో వాలంటీరు పక్కింటి మనిషే కాబట్టి, విన్నది బయట చెప్పకపోవడం తొలి పాఠం కావాలి. పిల్లలతో ఒంటరిగా ఉండే ఎవరికైనా ముందస్తు విచారణ, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంపై అవగాహన తప్పనిసరి చేయాలి.