అప్పులో ఉన్నవాడి దగ్గరే ఫీజు: లండన్ జైలు నుంచి మన ఫోన్ దాకా

పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండున్నరకి మా బాబాయి కొడుకు ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి ఫోన్ చేశాడు. చదువు అయిపోయి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. మూడు క్రెడిట్ కార్డుల మీద 7,200 పౌండ్ల అప్పు ఉందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "అన్నా, నాన్నకి చెప్పొద్దు" అనేది వాడి మొదటి మాట.

అసలు సంగతి రెండో మాటలో ఉంది. ఫోన్లో యాడ్ చూసి ఒక కంపెనీలో చేరాడు. అప్పులన్నీ కలిపి నెలకి ఒకే కిస్తీ కట్టు, కార్డులవాళ్ళతో మేం మాట్లాడతాం అన్నారు. ఐదు నెలలుగా 150 పౌండ్ల చొప్పున కడుతున్నాడు. అయినా కార్డులవాళ్ళ లెటర్లు ఆగలేదు. "ఎందుకన్నా?" అని నన్నడిగాడు.

అగ్రిమెంట్ తీసి చదవరా అన్నాను. మొదటి రెండు నెలల డబ్బు మొత్తం కంపెనీ ఫీజు. ఆ తర్వాత నెలకి 30 పౌండ్లు వాళ్ళకి. అంటే వాడు కట్టిన 750లో 390 కంపెనీకి పోయింది, అప్పుకి పోయింది 360. మూలిగే నక్క మీద తాటికాయ అంటారే, అదే.

హిస్టరీ చెప్పేవాడివి, ఇదంతా ఎందుకు చెబుతున్నావు అంటారేమో. మునిగిపోతున్నవాడి దగ్గర ఫీజు తీసుకునే వ్యాపారానికి ఆ దేశంలో మూడొందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ రాత్రి నాకు వెంటనే గుర్తొచ్చింది లండన్‌లోని ఫ్లీట్ జైలు.

అప్పట్లో బాకీ తీర్చకపోతే జైలే. ఆ జైల్లో ఉండటానికి ఖైదీయే డబ్బు కట్టాలి. గదికి ఫీజు, సంకెళ్ళు తీయడానికి ఫీజు. చివరికి అప్పు తీరిపోయినా, జైలు ఫీజు బాకీ ఉంటే బయటికి వదలరు! వార్డెన్ ఉద్యోగాన్ని కూడా కొనుక్కునేవారు. 1728లో థామస్ బ్యాంబ్రిడ్జ్ అనే అతను ఇంకొకరితో కలిసి ఫ్లీట్ వార్డెన్ పదవిని 5,000 పౌండ్లకి కొన్నాడు. అంత పెట్టినవాడు దాన్ని ఎవరి దగ్గర రాబడతాడు? జేబు ఖాళీ అయి లోపలికొచ్చినవాళ్ళ దగ్గరే.

ఆ జైల్లో రాబర్ట్ కాస్టెల్ అనే ఆర్కిటెక్ట్ ఉండేవాడు. పాత రోమన్ల ఇళ్ళ మీద పుస్తకం వేసిన మనిషి. జైలు బయట, దగ్గర్లోనే ఉండే సౌకర్యం కోసం ఫీజులు కడుతూ వచ్చాడు. ఇక కట్టలేననేసరికి బ్యాంబ్రిడ్జ్ అతన్ని మశూచి ఉన్న ఇంట్లోకి తోయించాడు. నాకు ఆ జబ్బు ఇంతకుముందు రాలేదు, అక్కడికి పంపొద్దు అని బతిమాలుకున్నా వినలేదు. మశూచి సోకి ఆ ఏడాది చివర్లోనే చనిపోయాడు. ఆయన స్నేహితుడు జేమ్స్ ఓగిల్‌థార్ప్ పార్లమెంటు సభ్యుడు కాబట్టి 1729లో జైళ్ళ మీద విచారణ కమిటీ పడింది. బ్యాంబ్రిడ్జ్ మీద హత్య కేసు నిలబడలేదు గానీ ఉద్యోగం ఊడింది. ఫీజులు మాత్రం ఊడలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

దాదాపు వందేళ్ళ తర్వాత, 1824లో, జాన్ డికెన్స్ అనే గుమాస్తాని ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల చిల్లర బాకీ పడ్డాడని మార్షల్‌సీ జైల్లో పెట్టారు. ఆయన కొడుకు పన్నెండేళ్ళ చార్లెస్ బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో వారానికి ఆరు షిల్లింగులకి డబ్బాలకి లేబుళ్ళు అంటించాడు. తర్వాత ప్రపంచమంతా చదివిన చార్లెస్ డికెన్స్ ఆ పిల్లాడే. ఆ సంగతి ఏళ్ళ తరబడి ఇంట్లోవాళ్ళకి కూడా సరిగా చెప్పుకోలేదాయన. "నాన్నకి చెప్పొద్దు" అన్న మావాడి గొంతు విన్నాక ఇది నాకు కొత్తగా అర్థమైంది.

1869 చట్టంతో అక్కడ మామూలు అప్పులకి జైలు పోయింది. మన దగ్గర 1980లో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో, కట్టే స్తోమత లేనివాణ్ణి కేవలం పేదవాడైనందుకు జైల్లో పెట్టకూడదని చెప్పింది. లోన్ యాప్ ఏజెంట్ ఫోన్ చేసి "రేపు పోలీసులొస్తారు" అని బెదిరిస్తే ఈ ముక్క గుర్తుంచుకోండి.

సరే, ఇంగ్లండ్‌కే వద్దాం. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే సిటిజన్స్ అడ్వైస్ బ్యూరోలు తెరుచుకున్నాయి. రేషన్ కాగితాల నుంచి అప్పుల దాకా ఏ సందేహానికైనా ఉచితంగా సలహా. 1987లో బర్మింగ్‌హామ్‌లో అప్పుల కోసమే ఒక ఫోన్ లైన్ మొదలైంది. అదే ఇప్పటి నేషనల్ డెట్‌లైన్. 1993లో లీడ్స్‌లో ఇంకో చారిటీ వచ్చింది, ఇప్పుడు దాని పేరు స్టెప్‌చేంజ్. మావాడి కంపెనీ చేస్తానన్న పనే, అంటే అప్పులన్నీ కలిపి ఒక ప్లాన్ వేసి కార్డులవాళ్ళకి పంచడం, ఇది పైసా తీసుకోకుండా చేస్తుంది.

మరి వాళ్ళకి డబ్బెవరిస్తారు? మంచి ప్రశ్నే. ఎక్కువ భాగం బ్యాంకులే. ప్లాన్ ద్వారా బాకీ వసూలైతే అందులో కొంత చారిటీకి విరాళంగా ఇస్తారు. అయితే వాళ్ళు బ్యాంకుల మనుషులే కదా అని అనుమానం రావచ్చు. అది తప్పు అనుమానం కాదు, అక్కడ కూడా ఆ విమర్శ వచ్చింది. నా లెక్క మాత్రం ఒకటే. ఆ విరాళం మీ బాకీలోంచి తగ్గదు. మీరు 150 కడితే మీ అప్పులో 150 తీరుతుంది. కంపెనీ దగ్గర 120 తీరుతుంది.

వడ్డీ ఆగిందనుకుని లెక్కేద్దాం. 7,200 అప్పు ఉచిత ప్లాన్‌లో 48 నెలలకి తీరుతుంది. మావాడి అగ్రిమెంట్ ప్రకారం 62 నెలలు, ఫీజుల కింద 2,100 పౌండ్లు. పైగా వడ్డీ ఆపి తీరాలని కార్డులవాళ్ళకి రూలేమీ లేదు. కంపెనీ అడుగుతుంది, చారిటీ కూడా అడుగుతుంది. ఒప్పుకోవడం వాళ్ళిష్టం.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా అంటే, లేదు, కానీ ఆలస్యం చేసింది. 2010లో అప్పటి నియంత్రణ సంస్థ 129 కంపెనీలకి హెచ్చరికలు పంపింది. 2014లో ఆ బాధ్యత ఎఫ్‌సీఏ చేతికి వెళ్ళింది. మరుసటి ఏడాది వాళ్ళు పరిశీలిస్తే, ఫీజు తీసుకునే కంపెనీల సలహా నాణ్యత చాలా తక్కువగా ఉందని తేలింది. కస్టమర్‌ని ఇంకో కంపెనీకి అప్పజెప్పి కమీషన్ తీసుకునే డెట్ ప్యాకేజర్ల పద్ధతిని 2023 అక్టోబర్‌లో నిషేధించారు. బ్యాంబ్రిడ్జ్ బతికుంటే ఆ వ్యాపారంలోనే ఉండేవాడేమో!

మన దగ్గర కూడా "లోన్ సెటిల్ చేస్తాం, నెలనెలా ఫీజు కట్టండి" అనే యాప్‌లు వచ్చేశాయి. చేరే ముందు ఇవి చూడండి. బ్యాంకు మీదో, ఆర్‌బీఐ కిందుండే ఫైనాన్స్ కంపెనీ మీదో ఫిర్యాదు ఉంటే ముందు వాళ్ళకే రాసివ్వాలి, తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. న్యాయ సేవల సంస్థ నంబర్ 15100.

ఇంతకీ మావాడు ఏం చేశాడంటే, సోమవారం లంచ్ బ్రేక్‌లో ఉచిత చారిటీకి ఫోన్ చేశాడు. జీతం, అద్దె, తిండి ఖర్చు, ఇంటికి పంపే డబ్బు అన్నీ అడిగి రాసుకున్నారట. బ్రీతింగ్ స్పేస్ అనే పద్ధతి గురించి కూడా చెప్పారు. 2021 మే నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంది. సలహాదారు ద్వారా అందులో చేరితే 60 రోజులు చాలావరకు వడ్డీలు, వసూలు లెటర్లు ఆగుతాయి. "ఎవరూ తిట్టలేదన్నా" అన్నాడు. తిడతారనే కదా ఇన్నాళ్ళూ చేయనిది.

కంపెనీకి కట్టిన 390 వెనక్కివ్వమని రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాను. జవాబివ్వడానికి వాళ్ళకి 8 వారాలు గడువు. ఆలోగా తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా, అక్కడి ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా వెళ్ళొచ్చు. ఈ ఎపిసోడ్ రికార్డు చేసేనాటికి ఐదు వారాలయింది. బాబాయికి నేను చెప్పలేదు. పోయిన శనివారం వాడే చెప్పాడట.