తంగేడుకీ చరిత్ర వుందండీ!

చలిదేశాల కొండల్లో రాళ్ళ మధ్య చాప పరిచినట్టు అల్లుకునే పసుపుపూల మొక్కలుంటాయి. అక్కడి ఇల్లాళ్ళు వాటిని పసిబిడ్డల్లా సాకుతారు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా కంకర పోస్తారు, పూలయ్యాక కొసలు కత్తిరిస్తారు. వాటిని తెచ్చి జగిత్యాల మే నెల ఎండలో పెడితే ఎన్నాళ్ళు బతుకుతాయి చెప్పండి? మనకేం లోటు, మన పసుపు మనకుంది - తంగేడు!

చాపలా పరుచుకోదు గానీ, కోరుట్ల, సిరిసిల్ల దారుల్లో చెలకగట్ల మీద గుబురుగా పూస్తుంది. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ దానిదే పెత్తనం. గునుగు ఎంత పేర్చినా తంగేడు లేనిదే బతుకమ్మకి నిండుదనం రాదు. తెల్లారకముందే మగవాళ్ళు పూలకోసం పరుగెత్తడమూ ఈ పండగలోనే చూస్తాం లెండి!

1753లో లిన్నేయస్ దీనికి లాటిన్‌లో 'చెవుల మొక్క' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆకుకాడ మొదట్లో చూడండి, చిన్న చెవుల్లాంటి రేకులుంటాయి. తర్వాత మన సామర్లకోటలో ఏళ్ళతరబడి మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్ కూడా దీన్ని తన పుస్తకంలోకెక్కించాడు.

పుస్తకాల్లో పూజ సరే, బజారులో మాత్రం దీని విలువంతా బెరడులో వుండేది. ఊరి చివర లందల్లో తోళ్ళు ఊనింది తంగేడు చెక్కతోనే. పందొమ్మిదో శతాబ్దంలో అలా పదునైన తోళ్ళు మద్రాసు రేవు నుంచి లండను దాకా వెళ్ళాయి. కొమ్మలు నరికి, బెరడు ఒలిచి, కంపు భరించి ఆ పని చేసినవాళ్ళని మాత్రం ఊరు దగ్గరికి రానివ్వలేదు. పువ్వు గౌరమ్మ దగ్గరికి చేరింది, చెక్క నూరిన చెయ్యి వాకిట్లోనే ఆగిపోయింది. బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నప్పుడు నాకిది గుర్తొస్తుంది. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క వచ్చాక తంగేడు గిరాకీ పడిపోయింది.

2014లో తెలంగాణ వచ్చింది. ఆ ఏడే బతుకమ్మ రాష్ట్ర పండగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. 2017లో బతుకమ్మ చీరలు సిరిసిల్ల మగ్గాల మీద మొదలయ్యాయి. మర్యాదలన్నీ జరిగాయి గానీ, గట్లు చదునై, బీళ్ళు ప్లాట్లయిన చోట తంగేడు ఏది? ఒకప్పుడు ఒడినిండా ఊరికే తెచ్చుకున్న పూలని ఇప్పుడు కట్టల లెక్కన బేరమాడుతున్నాం.

అందుకే పెరడున్నవాళ్ళు ఒక పొదైనా పెంచండి. ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, పెంకు గట్టిది గనక వేడినీళ్ళలో ఒక రాత్రి నానెయ్యండి. తొలకరికి ముందు ఎండ బాగా తగిలే చోట నాటండి. వేరు లోతుకి దిగుతుంది, కుండీలో పెట్టి మళ్ళీ మార్చకుండా నేలలోనే వేస్తే మంచిది. నీళ్ళు నిలిస్తే దానికి గిట్టదు, ఆ విషయంలో కొండమొక్కలకి అక్కచెల్లెలే. పూలయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురవుతుంది. ఆకుల మీద పచ్చటి గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి నాలుగు రోజులు తిని లేతపసుపు సీతాకోకచిలకలై ఎగిరిపోతాయి. పైగా ఆ పూలని మనం వదిలేది చెరువు నీళ్ళలోనే కదూ!