గిటారు పాటకు వీడియో ప్రణాళిక: గొంతు ఎవరిది, పెదవి ఎవరిది?

పరిచయం

ఒక గిటారు, ఒక గొంతు, జానపద బాణీకి దగ్గరగా సాగే ఒక పాట ఉన్నాయనుకుందాం. దానికి మూడు నాలుగు నిమిషాల వీడియో తీయాలి. ప్రణాళిక వేయడానికి కూర్చున్న దర్శకుడు లొకేషన్, దుస్తులు, ఖర్చుల కంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. తెరమీద ఆ పాట పాడుతున్నట్లు కనిపించేది ఎవరు? పాడిన మనిషేనా, మరొకరా, లేక ఎవరి పెదవీ కదలనక్కర లేదా? ఈ మూడింటిలో దేన్ని ఎంచుకుంటే దాన్నిబట్టి షాట్ల నిడివి మారుతుంది, కెమెరా నిలబడే చోటు మారుతుంది, బడ్జెట్ మారుతుంది. ఆ పాట ఎవరి పేరుమీద జనంలో నిలుస్తుందన్నది కూడా మారుతుంది. ఈ భాగంలో ఆ నిర్ణయం వేరువేరు కాలాల్లో ఎలా జరిగిందో పరిశీలిద్దాం.

విద్యుత్ సాయం లేకుండా సహజంగా మోగే వాద్యాలతో కూర్చిన పాటను అకూస్టిక్ పాట అంటారు. జానపద పాటలోని సూటి మాట, తేలిక బాణీ పాప్ పాట నిడివిలో ఒదిగితే అది జానపద-పాప్. ఇలాంటి పాటలో లిప్ సింక్, అంటే ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కలపడం, మామూలు కంటే కష్టం. పెద్ద వాద్యబృందం, నృత్యబృందం ఉన్న పాటలో చూపు నాలుగు వైపులా పోతుంది. డప్పు దెబ్బ మీద షాటు మార్చి తప్పు దాచుకోవచ్చు. గిటారు పాటలో ఆ వీలు లేదు. గాయకుడు ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, తీగ మీద వేలు జారిన చప్పుడు వినిపిస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. పెదవి మూడు నాలుగు ఫ్రేములు వెనకబడితే చాలు, కారణం చెప్పలేకపోయినా ప్రేక్షకుడికి ఏదో తేడాగా అనిపిస్తుంది. వేళ్ల సంగతి ఇంకా కఠినం. గిటారు నేర్చినవాడెవడైనా తీగలపై వేళ్ల అమరిక చూసి ఇది ఆ స్వరం కాదని ఇట్టే పట్టేస్తాడు.

నాణెం వేస్తే పాట

మ్యూజిక్ వీడియో టెలివిజన్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు. 1940లో అమెరికాలో ‘సౌండీస్’ అనే పొట్టి పాటల చిత్రాలు వచ్చాయి. వీటిని హోటళ్లలో, బార్లలో ‘పానొరామ్’ అనే బీరువాలాంటి యంత్రంలో పెట్టేవారు. షికాగోకు చెందిన మిల్స్ నావెల్టీ కంపెనీ ఆ యంత్రాన్ని తయారుచేసింది. 10 సెంట్ల నాణెం వేస్తే ఒక పాట కనిపించేది. ఒక రీలులో 8 పాటలు వరుసగా ఉండేవి కనుక కోరిన పాటను ఎంచుకునే వీలు లేదు, వరుసలో ఏది వస్తే అదే. 1960లో ఫ్రాన్సులో వచ్చిన ‘స్కోపిటోన్’ యంత్రం ఈ లోపాన్ని సరిచేసింది. అది రంగుల్లో, 36 పాటల్లో కావలసినదాన్ని చూపగలిగేది. రెండింటిలోనూ పద్ధతి ఒక్కటే. ముందు పాట రికార్డు చేసి, తర్వాత దాన్ని మోగిస్తూ గాయకులతో పెదవులు కదిలించి చిత్రీకరించేవారు. గొంతూ ముఖమూ సాధారణంగా ఒకే మనిషివి.

మన దేశంలో దారి వేరైంది. తొలి టాకీలలో నటులే పాడేవారు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ సంస్థ ‘భాగ్యచక్ర’ అనే బెంగాలీ చిత్రంలో నేపథ్యగానాన్ని ప్రవేశపెట్టింది. ఆ తర్వాత పాడేవారు వేరు, కనిపించేవారు వేరు అన్నది క్రమంగా మన సినిమా వాడుక అయిపోయింది. తమ పాట తామే పాడుకున్న చిత్తూరు నాగయ్య, భానుమతి వంటివారు తెలుగులో ఆ వాడుకకు మినహాయింపులు. ఈ అలవాటు మన ప్రేక్షకుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, నటుడి నోట మరొకరి గొంతు పలకడం మనకు వింతగా తోచదు. పెదవులు అసలు కదలని పాటకు కూడా మన సినిమావాళ్లు ‘మాంటేజ్ సాంగ్’ అని పేరు పెట్టి ఎప్పుడో వాడుకలోకి తెచ్చారు.

లండన్ సందులో అట్టముక్కలు

పెదవి కదపకుండానే గాయకుణ్ణి చూపించవచ్చని నిరూపించిన ఉదాహరణల్లో అందరికీ తెలిసినది బాబ్ డిలాన్‌ది. 1965 వసంతంలో డిలాన్ ఇంగ్లండులో పర్యటిస్తున్నాడు. వేదికపై ఆయన ఒక్కడే, చేతిలో అకూస్టిక్ గిటారు, మెడకు తగిలించుకున్న మౌతార్గాన్. అప్పటికే మార్చిలో విడుదలైన ఆయన ఆల్బమ్‌లో మాత్రం ఒక వైపు విద్యుత్ వాద్యాల బృందంతో పాడిన పాటలు, రెండో వైపు ప్రధానంగా అకూస్టిక్ పాటలు ఉన్నాయి. అంటే జానపద గాయకుడిగా పేరు పడ్డ మనిషి పాప్ వైపు ఒక అడుగు వేసి ఉన్న సమయమది. డి. ఎ. పెన్నెబేకర్ అనే డాక్యుమెంటరీ దర్శకుడు భుజాన మోయగల 16 ఎం.ఎం. కెమెరాతో ఆ పర్యటనను చిత్రిస్తున్నాడు.

ఆ ఆల్బమ్‌లో మొదటి పాట ‘సబ్‌టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్’. నిడివి రెండున్నర నిమిషాలలోపే. మాటలు మాత్రం ఊపిరి తిరగనివ్వకుండా దూసుకుపోతాయి. మొదటిసారి విన్నవారికి సగం మాటలు అందవు. దీనికి డిలాన్ చెప్పిన ఉపాయం చాలా సాదా. పాటలోని ముఖ్యమైన మాటలను పెద్ద అట్టలపై రాసుకుని, పాట మోగుతుండగా ఒక్కో అట్టనూ చూపి కిందపడేయడం. ఆ అట్టలను రాయడంలో గాయకుడు డోనవన్, కవి అలెన్ గిన్స్‌బర్గ్, మిత్రుడు బాబ్ న్యూవర్త్ చెయ్యి వేశారు. 8 మే 1965న లండన్ సవాయ్ హోటల్ పక్క సందులో దాన్ని తీశారు. అదే పాటను దగ్గరలోని తోటలో ఒకసారి, మేడ మీద ఒకసారి కూడా తీశారు. చివరికి సందులో తీసినదే ‘డోంట్ లుక్ బ్యాక్’ చిత్రానికి ప్రారంభదృశ్యమైంది. ఆ చిత్రం 1967లో విడుదలైంది.

ఇందులో మనం గమనించవలసింది ప్రణాళిక ఎంత పొదుపుగా ఉందన్నది. ఒకే కెమెరా, ఒకే టేక్, మధ్యలో కోత లేదు. డిలాన్ పెదవులు పాటకు కలపడు. ఆయన చేతిలో గిటారు కూడా లేదు! జానపద గాయకుడంటే గిటారు అని స్థిరపడిపోయిన బొమ్మను ఆయన చేతులతోనే పక్కన పెట్టి, ఆ చేతులకు అట్టలిచ్చారు. అట్టలపై మాటలు కొన్నిచోట్ల కావాలనే తప్పుగా రాశారు, కొన్నిచోట్ల వినిపించే అంకె ఒకటైతే కనిపించే అంకె మరొకటి. దాంతో చూసేవాడు చెవినీ కంటినీ పోల్చుకోవడం మొదలుపెడతాడు. మాట వినబడటం లేదన్న లోపాన్నే పాట వినడానికి కారణంగా మార్చారన్నమాట. వెనక ఒక పక్కన గిన్స్‌బర్గ్, న్యూవర్త్ తమ మాటల్లో తాము ఉంటారు. వారికీ పాటకూ సంబంధం లేనట్లే ఉండటం వల్ల అది వేదిక కాదు, నిజమైన వీధి అన్న భావన కలుగుతుంది.

దీన్ని ‘మొదటి మ్యూజిక్ వీడియో’ అని కొందరు రాస్తుంటారు. సౌండీస్ గురించి చదివారు కనుక ఆ మాట సరికాదని మీరే చెప్పగలరు. కానీ పాడిన మనిషి ముఖం తెరపై ఉండీ లిప్ సింక్ అనే బరువును పూర్తిగా దించేసిన వీడియోగా దీని స్థానం దీనికి ఉంది.

కృత్యం: మీకు నచ్చిన ఏదైనా జానపద పాట వీడియోను ధ్వని పూర్తిగా ఆపి ఒకసారి చూడండి. పాడినవారు ఎవరో బొమ్మనుబట్టి చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ పేరు మీకు ఎక్కడ కనిపించింది?

నిషేధం నేర్పిన పాఠం

బ్రిటన్‌లో ఈ నిర్ణయం వెనక కార్మిక సంఘం కూడా ఉంది. రికార్డు మోగుతుంటే వాయిస్తున్నట్లు నటించడం వల్ల నిజంగా వాయించేవారి పని పోతోందని అక్కడి సంగీతకారుల సంఘం పోరాడి, 1966లో టెలివిజన్‌లో అలాంటి నటనపై ఆంక్షలు తెచ్చుకుంది. బీటిల్స్ బృందం ఆ ఏడాది మే నెలలో లండన్ చిస్విక్ హౌస్ తోటల్లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’, ‘రెయిన్’ పాటలకు మైకేల్ లిండ్సే-హాగ్ దర్శకత్వంలో చిత్రాలు తీయించుకుంది. ప్రతి టీవీ స్టూడియోకూ తిరగకుండా ఫిలిం డబ్బాను పంపితే సరిపోతుందన్నది లెక్క. 1967 జనవరి చివర కెంట్‌లోని నోల్ పార్కులో పీటర్ గోల్డ్‌మన్ ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ తీసినప్పుడు పాడుతున్నట్లు నటించడమే మానేశారు. ఒక చెట్టు, దాని నుంచి తీగలు లాగిన పియానో, వెనక్కు నడిచే ఫిలిం. అదే ఏడాది నవంబరులో తీసిన ‘హలో, గుడ్‌బై’లో మళ్లీ పెదవులు కలిపారు. ఆ కారణంగానే బి.బి.సి. దాన్ని ప్రసారం చేయలేకపోయింది.

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టి.వి. మొదలయ్యాక వీడియో ఖర్చు, హంగు పెరిగాయి. గిటారు పాటలు ఆ హంగులో కొంత వెనకబడ్డాయి. 1989లో అదే చానల్ ‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమం ప్రారంభించి, స్టూడియోలో కూర్చుని నిజంగా పాడటాన్నే బొమ్మగా చూపింది. లిప్ సింక్ సమస్యకు అది అతి పాత జవాబు. కెమెరాల సంఖ్య పెరిగింది, అంతే.

మన తెరపై పాడినవారి ముఖం

నేపథ్యగానానికి అలవాటుపడిన మన దేశంలో పాడిన మనిషి తెరపైకి రావడమే ఒక విశేషమైంది. 1980లో విడుదలైన ‘మా భూమి’లో గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో, బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి’ పాటను గద్దర్ పాడి, తెరపై తానే కనిపించారు. ఒక నటుణ్ణి పెట్టి గద్దర్ గొంతును వాడుకుని ఉంటే ఆ పాట ఏమయ్యేదో ఊహించుకోండి. గొంతుతోపాటు దేహం కూడా పాటలో భాగమయ్యే సంప్రదాయం అది. ఒగ్గుకథలోనూ బుర్రకథలోనూ పాడేవాడు వేరు, ఆడేవాడు వేరు అన్న మాట లేదు.

1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో వచ్చిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ రెండు పద్ధతులనూ కలిపింది. భీమ్‌సేన్ జోషి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ తమ గొంతుతో తామే కనిపిస్తారు. వారి పక్కనే సినిమా తారలు, క్రీడాకారులు కనిపిస్తారు. ఛానల్ వి, ఎం.టి.వి.లు మన ఇళ్లలోకి వచ్చాక, 1996లో లక్కీ అలీ ‘ఓ సనమ్’ పాటకు మహేశ్ మథాయ్ ఈజిప్టులో వీడియో తీశారు. గిటారు మీద నడిచే పాట, తెరపై దాన్ని పాడిన మనిషే. లక్కీ అలీ ప్రసిద్ధ హాస్యనటుడు మెహమూద్ కుమారుడు. అయినా ఆ పాటకు గుర్తింపు తెచ్చింది సినిమా హీరో ముఖం కాదు, పాడినవాడి బొంగురు గొంతూ ముఖమూ. నేటి శ్రోత పాట వినగానే ఆ ముఖాన్నే గుర్తుచేసుకుంటాడు.

ఇప్పుడు తెలంగాణ జిల్లాల్లో యూట్యూబ్ కోసం తయారవుతున్న జానపద పాటల వీడియోలను ఈ వెలుగులో చూడాలి. మంగ్లి వంటి కొందరు పండుగ పాటలను పాడి తామే కనిపించారు. కానీ చాలా వీడియోలలో ఒక యువజంట చేలగట్ల మీద ఆడుతూ పెదవులు కలుపుతుంది, గొంతు మరొకరిది. ఇది సినిమా పద్ధతే పల్లెకు తిరిగి రావడం. ఆడేవారికి పేరు వస్తుంది, అది న్యాయమే. పాడినవారు మాత్రం వీడియో కింద చిన్న అక్షరాల్లో మిగిలిపోతారు. తర్వాత కచేరీలకు, పెళ్లిళ్లకు పిలుపు వచ్చేది జనానికి తెలిసిన ముఖానికే. ప్రణాళిక కాగితంలో ఒక గడిలో తీసుకున్న నిర్ణయం ఒకరి బతుకుతెరువు మీద పడేది ఇక్కడే.

చట్టం ఈ విషయంలో కొంత దూరం వచ్చింది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ గాయకులను ‘ప్రదర్శకులు’గా గుర్తించి హక్కునిచ్చింది. 2012 సవరణ వారి ప్రదర్శనను వాణిజ్యానికి వాడినప్పుడు రాయల్టీ పొందే హక్కును చేర్చింది. అయితే ఒప్పంద పత్రం లేకుండా ఒక్కసారి ఇచ్చే మొత్తంతో పాడించుకునే చోట ఈ హక్కును అడిగి తీసుకోవడం కష్టం. కనుక ప్రణాళిక వేసేటప్పుడే గాయకుడితో కాగితం రాసుకోవాలి. రచయిత పేరు తెలియని సంప్రదాయ గీతమైతే అది ఎవరి దగ్గర, ఏ ఊళ్లో సేకరించారో కూడా రాసుకోవాలి.

అభ్యాసం

మీ ప్రాంతానికి చెందిన ఒక జానపద గాయని గిటారు, ఏకతార తోడుగా నాలుగు నిమిషాల పాట పాడిందనుకోండి. ఆమెకు కెమెరా ముందు నిలబడటం ఇష్టం లేదు. చేతిలో ఉన్నది ఒక కెమెరా, ఒక పగలు. పల్లవి, చరణాలను ఒక నిలువు గడిలో, తెరపై కనిపించేది రెండో గడిలో, పెదవి కదిలేదీ లేనిదీ మూడో గడిలో రాయండి. నాలుగో గడిలో ఆమె పేరు వీడియోలో ఎన్నో సెకనులో, ఎంత సేపు, ఏ సైజు అక్షరాల్లో కనిపిస్తుందో రాయండి.