బల్లపై గగనసమరములు

నేలపై జరిగిన యుద్ధమును బల్లమీదికి దింపుట కష్టమే గాని అసాధ్యము కాదు. ప్రష్యా సేనాధికారియగు యువకుడు రైస్విట్జ్, తన తండ్రి ఆరంభించిన యుద్ధక్రీడకు కొలత తప్పని పటమును, పాచికలను, తీర్పరిని సమకూర్చి 1824లో ప్రచురించినపుడు, కొండలును వాగులును ఆ పటముపై తమతమ తావుల నిలిచినవి. దళములు వానిమీదుగ నడచినవి. 1898లో ఫ్రెడ్ జేన్ నౌకాయుద్ధమునకును, 1913లో హెచ్. జి. వెల్స్ బొమ్మసైనికుల సమరమునకును నియమములు వ్రాసిరి. భూమియు సముద్రమును చదునుగ పరచదగినవి గనుక బల్లకు లోబడినవి. ఆకాశము అట్లు లోబడునది కాదు. అందు శత్రువు తలపైనుండియు రావచ్చును, కాలిక్రిందనుండియు రావచ్చును. క్షణమైనను నిలిచి ఆలోచించుటకు తావు లేదు. నీవు కదలినపిమ్మట నేను కదలెదనను వంతుల నియమమునకు అక్కడ అర్థమే లేదు. కావుననే, తిరుగుచున్న పంకా రెక్కల సందునుండి గుండ్లు కురియు మరతుపాకితో ఫోకర్ ఒంటిరెక్క విమానము 1915లో ఎగిరి గగనద్వంద్వమునకు శ్రీకారము చుట్టినను, ఆ ద్వంద్వమును పెద్దలు శ్రద్ధతో ఆడదగిన క్రీడ ప్రసిద్ధికి వచ్చుటకు సుమారు అర్ధశతాబ్దము పట్టినది.

ఆ క్రీడ అమెరికా దేశీయుడగు మైక్ కార్ కల్పించిన 'ఫైట్ ఇన్ ది స్కైస్'. 1966లో వెలువడిన 'ది బ్లూ మాక్స్' చలనచిత్రము వలన ప్రేరితుడై, మొదటి ప్రపంచయుద్ధపు విమానముల గుణదోషములను అంకెలలోనికి దింపి, అతడు 1968లో దీనిని స్వయముగ ప్రచురించెను. ఆ యేడే లేక్ జెనీవాలో జరిగిన మొదటి జెన్ కాన్ క్రీడాసమ్మేళనమున దీనిని ఆడిరి. ఎత్తు విషయమున కార్ పన్నిన ఉపాయము మిక్కిలి సామాన్యము: విమానపు బిళ్ల బల్లపై నుండును, దాని ఎత్తు కాగితముపై అంకెయై యుండును. తరువాతి క్రీడాకల్పకులలో పెక్కుమంది ఈ బాటనే పట్టిరి. అంతకన్న గొప్పది అతని రెండవ యోచన. ఇందు చోదకుడు ఒక్క పోరుతో ముగియడు. ప్రాణములతో తిరిగివచ్చినచో అనుభవము గడించి, మరుసటి యాటలో మరల ఎగురును. తాను పేరుపెట్టి పెంచుకొన్న చోదకుడు చచ్చునేమో యను భయము పుట్టగనే, వీరావేశముతో దుముకు ఆటగాండ్రు తెలివిగ వెనుదిరుగ నేర్చిరి. నిజమైన చోదకులును ఆ విధముగనే వెనుదిరిగిరని చరిత్ర చదివినవారెరుగుదురు. 1982లో ఈ క్రీడ 'డాన్ పెట్రోల్' అను క్రొత్తపేర వెలువడినది.

1972లో ఆవలాన్ హిల్ సంస్థ 'రిచ్టోఫెన్స్ వార్'ను ప్రకటించినది మొదలు, ఈ జాతి క్రీడలు వరుసగ బయలువెడలినవి. వానిలో 1976 నాటి 'ఎయిర్ ఫోర్స్'ను విశేషముగ స్మరింపవలెను. దాని కర్త క్రెయిగ్ టేలర్ వంతుల చిక్కును వ్రాతతో విప్పజూచెను: ప్రతివాడును తన విమానగతిని ముందే కాగితముపై రహస్యముగ వ్రాసికొనును, పిమ్మట అందరి విమానములును ఒక్కమారే కదలును. ఎదుటివాడు ఎటు తిరుగునో ఊహించి తీరవలసినదే గాని, చూచి తప్పుకొనుట కుదరదు.

ఇంతలో జెట్ విమానముల యుగము క్రీడలోనికి వచ్చెను, దానితో శాస్త్రమును వచ్చెను. ఎత్తును వేగమును కలిపి శక్తిగ లెక్కించి, ఆ శక్తియే పోరాటమునకు మూలధనమని 1960ల దశకమున అమెరికా వైమానికదళపు జాన్ బోయిడ్, గణితజ్ఞుడు థామస్ క్రిస్టీ నిరూపించిరి. ప్రతి కఱకు మలుపును ఆ ధనమును కొంత వ్యయము చేయును. ఈ లెక్కలన్నింటిని బల్లపై నిలుపబూని 1977లో డేవిడ్ ఇస్బీ రచించిన 'ఎయిర్ వార్', దుర్భేద్యమైన నియమముల రాశికి ఉదాహరణముగ నేటికిని పేర్కొనబడుచున్నది. 1987లో 'ఎయిర్ సుపీరియారిటీ'ని వెలయించిన జె. డి. వెబ్‌స్టర్ స్వయముగ నౌకాదళ యుద్ధవిమానచోదకుడగుటచే ఆ భారమును కొంత క్రమపరచగలిగెను. అయినను నాకొక సందేహము తీరదు. నిజమైన చోదకుడు రెప్పపాటులో చేయు నిర్ణయమునకు ఆటగాడు పట్టికలు తిరుగవేయుచు చాలసేపు కూర్చున్నచో, అతడు అనుభవించునది యుద్ధమా, గణకుని ఉద్యోగమా? విమానమును యథాతథముగ నిలుపబోయి, అందు కూర్చున్న మనుష్యుని ఈ పద్ధతి మరచినది.

ఆ మనుష్యుని తిరిగి తెచ్చినది 1980లో ఆల్ఫ్రెడ్ లియోనార్డి రచించిన 'ఏస్ ఆఫ్ ఏసెస్'. దీనికి బల్లయు వలదు, పటమును వలదు. సాప్‌విత్ కామెల్ నెక్కినవాని చేత నొకటి, ఫోకర్ మూడురెక్కల విమానము నెక్కినవాని చేత నొకటి, రెండు చిన్న పుస్తకములు. ప్రతి పుటలోను చోదకుని ఆసనమునుండి చూచినచో శత్రువు ఏ దిక్కున, ఎంత దూరమున కానవచ్చునో ఆ చిత్రము. దాని క్రింద తాను చేయదగు విన్యాసములు, ఒక్కొక్కదాని కొక సంఖ్య. ఇద్దరును మనసులో నొకటి ఎంచుకొని, సంఖ్యలను ఒకరికొకరు చెప్పుకొని పుటలు త్రిప్పగ, కడకు ఇద్దరును ఒకే సంఖ్యగల పుటను చేరుదురు. చిత్రములు మాత్రము వేరు: ఒకనికి శత్రువు తోక కనబడును, రెండవవానికి తన వెనుక తుపాకి కనబడును. ఎత్తును బలిపెట్టి ఈ క్రీడ చోదకుని కన్నును సంపాదించినది. ఈ మార్గమున పుట్టిన కల్పనలన్నింటిలో ఇంతకుమించిన ప్రతిభ నాకు కానరాలేదు.

2004లో ఇటలీనుండి వచ్చిన 'వింగ్స్ ఆఫ్ వార్' ఈ పాఠమును మరువలేదు. ఆంద్రియా ఆంజొలీనో, పియర్ జోర్జో పాల్యా అను కర్తలు ఒక్కొక్క విమానమునకు దాని స్వభావమునకు తగిన గతిపత్రముల కట్టను కూర్చిరి. ఆటగాడు మూడేసి పత్రములను ముందుగనే బోర్లించి, పిమ్మట ఒక్కొక్కటిగ తెరచును. తగిలిన దెబ్బల పత్రములను సైతము బోర్లించియే యుంచుటచే, శత్రువు ఎంత గాయపడెనో తెలియదు. 2018లో ఆండీ ఛాంబర్స్ రచించిన 'బ్లడ్ రెడ్ స్కైస్' ఎత్తును అంకెగనైనను ఉంచక, విమానపు బొమ్మ ముక్కును పైకో క్రిందికో వంచి, ఎవనిది పైచేయియో చూపి ఊరకుండెను. లెక్కల నభిమానించువారు దీనిని ఈసడింతురు. వారితో నేను ఏకీభవింపను.

అయితే ఒక చారిత్రక సమరమును మరల నిలుపుటకు విమానమొక్కటి చాలదు. 1940లో జర్మనుల యుద్ధవిమానమగు మెసర్ష్మిట్ 109కు లండన్ నగరముపై సుమారు పది నిమిషములకన్న మించి పోరుటకు ఇంధనము చాలెడిది కాదు. ఆ గడియారమును లెక్కింపని ఆట ఎంత అందముగ నున్నను బ్రిటన్ సంగ్రామము కానేరదు. ఆ సంగ్రామమునందే నైజాము ప్రభువు దానముతో 'హైదరాబాద్' నామమును ధరించిన 152వ స్క్వాడ్రన్, వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైర్ విమానములతో ఎగిరి, పోర్ట్‌లండ్ నౌకాస్థావరమును కాచినది. నైజాము శిరోవేష్టనమే దాని చిహ్నము. ఈ క్రీడలయందు ఆసక్తిగల తెలుగువారు తమ తొలి స్పిట్‌ఫైర్ బొమ్మలకు ఆ దళపు గుర్తులనే వేయుదురుగాక. ప్రత్యర్థి కాగితముపై ఇంధనపు నిమిషములను మాత్రము మరువక వ్రాయింతురుగాక.